ఇబ్రహీంపట్నంలో ఖాళీ ఫ్లాష్

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకుని వెళ్లినట్టు అని సామెత. నా చంకన ఉన్నది పిల్లి కాదు, కెమెరా సంచి. దానికి తోడు ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. నరసాపురంలో బస్సెక్కింది మొదలు ఆ రెండింటిలో దేన్ని ఒళ్లో పెట్టుకోవాలి, దేన్ని పక్కన పెట్టాలి అన్న తర్జనభర్జనతోనే సగం దారి గడిచింది. చివరికి నిద్ర ముంచుకొచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టేశాను. ఏది కింద పెట్టానో తర్వాత గానీ తెలియలేదు.

వెళ్తున్నది యాదగిరన్న కూతురి పెళ్లికి. అన్న అన్నానని తోడబుట్టినవాడు అనుకునేరు. మా పెదనాన్న ఉద్యోగం పేరుతో మేమంతా హయత్‌నగర్‌లో ఉన్న రోజుల్లో, అక్కడి ఒక ఫోటో స్టూడియోలో మేమిద్దరం ఒకే ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాం. రీళ్ల కాలం అది. తర్వాత నేను మా ఊరు వెళ్లి స్టూడియో పెట్టుకున్నాను, ఆయన తన ఊరు ఇబ్రహీంపట్నం వెళ్లి పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో కలుసుకున్నది తక్కువే గానీ, పండగకీ పబ్బానికీ ఫోన్ మాత్రం తప్పలేదు.

ఈసారి నన్ను పట్టుబట్టి పిలిచింది మాత్రం ఆయన కాదు, పెళ్లికూతురు మౌనిక.

"అత్తమ్మా, బాపు ఇన్నేండ్ల సంది అందరి పెండ్లిల్ల ఫోటోలు తీసిండు. బాపుది మాత్రం ఒక్కటి సుత మంచి ఫోటో లేదు. కెమెరా ముందల నిలవడితే కట్టె లెక్క అయితడు. నా పెండ్లిల ఒక్కటన్న ఇంట్ల ఉన్నట్టు మొఖం రావాలె. గది నీతోనే అయితది."

నాకు అప్పజెప్పిన పని అదొక్కటే. మిగతా ఫోటోలు బాగా రాకపోయినా ఆ పిల్ల నన్ను క్షమిస్తుంది. అదొక్కటీ రాకపోతే క్షమించదు.

హయత్‌నగర్, విరిగిన మెట్టు

డిపో దగ్గర దిగగానే కాళ్లు వాటంతటవే పాత వీధి వైపు నడిచాయి. మా స్టూడియో ఉన్న మేడ మీద ఇప్పుడు ట్యూషన్ సెంటర్ ఉంది. కింద సెల్‌ఫోన్ కవర్ల దుకాణం. మెట్లు మాత్రం అవే. మూడో మెట్టు అంచు మా రోజుల్లోనే విరిగి ఉండేది, ఇప్పటికీ ఎవరూ బాగు చేయించలేదు. దాన్ని చూడగానే కళ్లు చెమర్చాయి. కవర్ల దుకాణాయన బయటికొచ్చి, "ఏమైందక్కా, పడ్డవా?" అని అడిగాడు. పడలేదని చెప్పి పక్కనే ఉన్న హోటల్లో చాయ్ తాగాను. మా రోజుల్లో చాయ్ సాసర్‌లోకి పొర్లేది. ఇప్పుడు పదిహేను రూపాయలకు బొటనవేలంత కాగితం కప్పు ఇస్తున్నారు. ఉస్మానియా బిస్కెట్టు రుచి మాత్రం మారలేదు, దేవుడి దయ.

ఆ మేడ మీదే నేను ఫోటో కడగడం నేర్చుకున్నాను, ఎర్రదీపం కింద కాగితం మీద మొహాలు మెల్లగా తేలుతుంటే ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నాను, ఖాళీ ఫ్లాష్ గురించి కూడా నేర్చుకున్నాను.

ఈ తరం వాళ్లకు ఖాళీ ఫ్లాష్ అంటే తెలియదు కాబట్టి చెప్పాలి. రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. ఉస్తాద్ వెలుతురు తగలని నల్లసంచిలో చేతులు పెట్టి రీలు ఎక్కించి, ఇంకో రెండు ఫోటోలు పిండేవాడు. పెళ్లివారు మూడు రీళ్లకు ఒప్పుకునేవారు, చుట్టాలు మాత్రం ముప్పై రీళ్లకు సరిపడా వచ్చేవారు. ప్రతి ఇంటివాళ్లూ పెళ్లికూతురి పక్కన నిలబడి ఫోటో దిగాల్సిందే. కాదంటే ఆ మాట పదేళ్లు నడుస్తుంది. అందుకని మా వృత్తిలో ఒక ఉపాయం ఉండేది. కెమెరాను కంటికి ఆనించి, దాని మీట నొక్కకుండా ఫ్లాష్ ఒక్కటే మెరిపించడం. వెలుగు పడుతుంది, బొమ్మ పడదు. చుట్టాలు సంతోషంగా దిగిపోతారు. తర్వాత ఆల్బమ్‌లో లేదేమని అడిగితే, "కడిగేటప్పుడు ఖరాబైంది" అనేవాడు ఉస్తాద్, ఎంతో బాధపడుతున్నట్టు మొహం పెట్టి.

యాదగిరన్న ఈ విద్యలో మొనగాడు. ఖాళీ ఫ్లాష్ కొట్టేటప్పుడు, "పెద్దమ్మా, జర నవ్వు... అవ్, గట్లనే" అని కూడా అనేవాడు. నాకు మాత్రం ఎప్పుడూ చేతకాలేదు. నవ్వు ఆగేది కాదు.

సాగర్ రోడ్డు, లచ్చమ్మ పెద్దమ్మ

బస్సు మారి సాగర్ రోడ్డు ఎక్కాను. ఒకప్పుడు యాదగిరన్న శనివారం సాయంత్రం ఈ దారిలోనే సైకిల్ మీద ఇంటికి వెళ్లేవాడు. రెండు వైపులా జొన్నచేలు, కందిచేలు ఉంటాయని, చీకటి పడితే నక్కలు అరుస్తాయని చెప్పేవాడు. ఇప్పుడు మన్నెగూడ చౌరస్తాలో ఒక్క నక్క నిలబడడానికి కూడా జాగా లేదు. టైల్స్ షాపులు, బిర్యానీ హోటళ్లు, ప్లాట్ల బోర్డులు. ఒక ప్లాట్ల బోర్డు కింద మాత్రం ఎవరో పట్టువదలకుండా నాలుగు సాళ్ల కంది వేశారు.

పక్క సీట్లో ఒక ముసలావిడ కూర్చుంది. ఒళ్లో మక్కజొన్న కంకుల సంచి. కాసేపు నా సంచిని, కాసేపు నన్ను చూసింది.

"గదేంది బిడ్డా, కెమెరానా?"

"అవునమ్మా. పెళ్లి ఫోటోలకు వెళ్తున్నాను, ఇబ్రహీంపట్నం."

"ఎవ్వలది? మా యాదిగాని బిడ్డదా?"

అవునన్నాను. ఆవిడ పేరు లచ్చమ్మ, యాదగిరన్నకు వరసకు పెద్దమ్మ. అంతే, అక్కడినుంచి నేను కూడా చుట్టమైపోయాను. మా వైపైతే ఊరు, ఇంటిపేరు, ఎవరి తాలూకు అన్నీ ఆరా తీశాక వరస కలుపుతారు. ఇక్కడ ముందు వరస కలిపి, ఒక కంకి చేతిలో పెట్టి, ఆ తర్వాత అడుగుతారు. నాకు ఈ పద్ధతే నచ్చింది.

"ఎన్ని పెండ్లిల్ల ఫోటో దిగిన్నో బిడ్డా," అంది లచ్చమ్మ పెద్దమ్మ కంకి ఒలుస్తూ. "ఒక్క ఆల్బమ్‌ల సుత నేను లేను. యాదిగాడే దింపుతుండె. అడిగితే కడిగేటప్పుడు ఖరాబైంది అంటడు. నా మొఖానికి ఫోటో పట్టదేమో."

నా నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. "ఈసారి పడుతుంది పెద్దమ్మా, నేను తీస్తాను," అన్నాను.

ఇబ్రహీంపట్నం, పూతరేకుల పంచాయితీ

యాదగిరన్న షాపు బస్టాండుకు దగ్గర్లోనే. పాస్‌పోర్టు ఫోటోలు, జిరాక్సు, ఫ్లెక్సీలు. వెనక గోడకు పాత తెర అలాగే ఉంది. కొలను, రెండు హంసలు, దూరంగా మేడ. "గిప్పుడు ఎవ్వలు అడుగుతలేరు గని, తియ్య బుద్ధయితలేదు," అన్నాడు. మనిషి కొంచెం వంగాడు, జుట్టు నెరిసింది, మాట మాత్రం మారలేదు. "ఎట్లున్నవ్ చెల్లె? గింత లావైనవేంది?" అన్నది మొదటి పలకరింపు. నరసాపురంలో ఇంత నిజం ఎవరూ మొహం మీద చెప్పరు.

ఆండాలు వదిన సర్వపిండి పెట్టింది. బియ్యపు పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె అడుగున తట్టి కాల్చింది. కరకరలాడే అంచు కోసం అన్నాచెల్లెళ్లం ఈ వయసులో కూడా పోటీపడ్డాం. బదులుగా నేను గర్వంగా పూతరేకుల డబ్బా తెరిచాను. లోపల పొడి. కెమెరా సంచి కింద పెట్టింది దీన్నేనన్నమాట.

యాదగిరన్న చిటికెడు పొడి తీసి నోట్లో వేసుకున్నాడు. "ఆకారం పోయింది గని రుచి యాడికి పోయింది? ఫికర్ చెయ్యకు," అన్నాడు. తర్వాత కళ్లు చికిలించి, "గిదే చెల్లె, కంప్రెస్డ్ అంటె," అని నవ్వాడు.

అలా మా పాత తగువు మొదలైంది. ఫోన్‌లో ఎన్నోసార్లు పడ్డదే.

రా ఫైలు అంటే కెమెరా చూసిందంతా వండకుండా దాచిపెట్టిన పచ్చి సరుకు. తీరిగ్గా కూర్చుని మనకు కావలసినట్టు వండుకోవచ్చు. చీకటిగా వస్తే లేపుకోవచ్చు, తెల్లగా పేలిపోతే కొంత దింపుకోవచ్చు. తిప్పలల్లా అది తినే చోటుతోనే. అందుకని కుదించి దాచే ఏర్పాటు, అదే కంప్రెస్డ్, కెమెరాలోనే ఉంటుంది. చీరను మడత పెట్టి పెట్టెలో పెట్టడం ఒక రకం, విప్పితే చీర చీరలాగే ఉంటుంది. కొత్త కెమెరాల్లో ఈ సదుపాయం ఉంది. నాది పాతది, అందులో రెండే దారులు. చీరను మడవకుండా అలాగే పరిచి దాచడం ఒకటి. లేదా కుచ్చిళ్లలో దాగే భాగాన్ని కొంచెం కత్తిరించి, ఎవరికి కనిపిస్తుందిలే అని దాచడం ఇంకొకటి. నిజంగానే మామూలుగా చూస్తే కనిపించదు. కానీ చీకట్లో తీసిన ఫోటోను వెలుగులోకి లాగినప్పుడు ఆ కత్తిరింపు బయటపడుతుంది. నీడల్లో మచ్చలు తేలతాయి, దీపాల అంచుల్లో చిన్న చిన్న చుక్కలు లేస్తాయి.

నేను కత్తిరింపుకు ఒప్పుకోను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"చూడు చెల్లె," అన్నాడు యాదగిరన్న, "ఈడ బట్టలు పెట్టుడు అని ఉంటది. వచ్చిన ప్రతి ఇంటోల్లు నాకు, మీ వదినెకు బట్టలు పెడతరు. ఒక్కొక్కలు ఫోటో దిగుతరు. మందిని చూస్తె నీకు చెమటలు పడతయ్. కంప్రెస్డ్‌ల పెట్టు. మొఖం జర మెత్తగొచ్చినా ఏమనరు. మొఖమే లేకుంటె లొల్లి చేస్తరు."

"నీ కూతురి పెళ్లి అన్నా. ఇందులో తగ్గించేది లేదు. మూడు కార్డులు తెచ్చాను."

"తెచ్చినవ్ తియ్," అన్నాడు, పాత రోజుల్లో రీళ్లు లెక్కపెట్టినప్పటి గొంతుతో.

మాట మార్చడానికి కెమెరా ఎత్తి ఆయన ఫోటో ఒకటి తీశాను. అది కంటికి చేరేలోపే మనిషి మారిపోయాడు. గడ్డం లోపలికి, భుజాలు పైకి, కళ్లు గాజు గోళీలు. లక్ష మందికి "జర నవ్వుండ్రి" అని చెప్పిన మనిషి. మౌనిక గడప దగ్గర నిలబడి నా వైపు చూసి, చూశావా అన్నట్టు తల ఊపింది.

కుమ్మరింటికి, ఐరేని కుండలకు

మర్నాడు ఐరేని కుండలు, అంటే పెళ్లి పందిట్లో పెట్టే కుండలు, తేవడం. మా వైపు ఇంత వైభవంగా చూడలేదు. సున్నం, ఎర్రటి జాజు రంగులతో ముగ్గులు వేసిన కుండల్ని కుమ్మరింటి నుంచి ఆడవాళ్లు నెత్తిన పెట్టుకుని తెస్తారు. పైన నలుగురు నాలుగు కొసలు పట్టుకున్న బట్ట, ముందు డప్పులు. డప్పు దగ్గరికొచ్చేసరికి కుండ నెత్తిన ఉన్నావిడ కూడా చిన్నగా అడుగు వేస్తుంది, కుండ కదలదు. మా గోదావరి వైపు పెళ్లిలో పాతికమంది గంభీరంగా నడుస్తారు, ఇక్కడ పాతికమంది ఆడతారు. నేను ఒళ్లు మరిచి తీశాను. సాయంత్రానికి మొదటి కార్డు నిండిపోయింది. దాన్ని షాపులోని కంప్యూటర్‌లోకి ఎక్కించాను గానీ తుడవలేదు. రెండు చోట్ల దాచనిదే కార్డు తుడవకూడదన్నది నా నియమం. అంటే పెళ్లికి మిగిలినవి రెండు కార్డులు.

"నేను చెప్పలే?" అనలేదు యాదగిరన్న. రెండు వేళ్లు మాత్రం ఎత్తి చూపించాడు.

సాయంత్రం పెద్ద చెరువు కట్ట మీదికి తీసుకెళ్లాడు. నీళ్లు నిండుగా ఉన్నాయి. మేం పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి వచ్చినప్పుడు ఇక్కడ పగుళ్లిచ్చిన నేల మీద మేకలు మేస్తుండేవి. కట్ట మీద కూర్చుని ఇద్దరం ఉస్తాద్‌ను తలుచుకున్నాం. ఫోటోలు కడిగే హైపో మందు వాసన పట్టిన ఆయన చొక్కా, ఫ్లాష్ ఛార్జయ్యేటప్పుడు వచ్చే సన్నటి కీచు చప్పుడు, ఆయన పోయినప్పుడు పేపర్లో వెయ్యడానికి కూడా సరైన ఫోటో దొరకకపోవడం. "ఫోటోగ్రాఫర్ ఇంట్ల ఫోటో ఉండది," అన్నాడు యాదగిరన్న నీళ్లవైపు చూస్తూ. నాకు మౌనిక మాట గుర్తొచ్చింది.

"రేపు ఒక్కసారి నా కోసం నవ్వు అన్నా," అన్నాను.

"నవ్వుడేంది? తుక్కుగూడకు పోతది బిడ్డ. గీడ గీడనే. నాకేం బాధ?" అన్నాడు. తుక్కుగూడ నిజంగానే దూరం కాదు. ఆ మాట ఆ సాయంత్రం ఆయన మళ్లీ మళ్లీ అన్నాడు.

ఫంక్షన్ హాల్, వాన

మా వైపు ముహూర్తాలు ఎక్కువగా అర్ధరాత్రో అపరాత్రో ఉంటాయి, తలంబ్రాల వేళకు సగం మంది కుర్చీల్లో గురకలు పెడుతుంటారు. ఇక్కడ పట్టపగలు పెళ్లి. వాతావరణం మబ్బుగా ఉన్నా హాల్లో వెలుగు బాగుంది, నా మనసూ బాగుంది.

తలంబ్రాల దగ్గర మొదటి దెబ్బ తగిలింది. కుదించని ఫైళ్లు బరువు కదా, వరసబెట్టి తీస్తే కెమెరా వాటిని కార్డులో రాసుకోలేక ఎర్రదీపం వెలిగించి మొరాయిస్తుంది. సరిగ్గా మౌనిక పళ్లెం ఎత్తి మొత్తం తలంబ్రాలు పెళ్లికొడుకు నెత్తిన గుమ్మరించి పకపకా నవ్విన క్షణంలో నా కెమెరా నిద్రపోయింది. మండపం అవతలి నుంచి యాదగిరన్న నన్నొక చూపు చూశాడు.

భోజనాలయ్యాయి. బగారన్నం, మటన్ కూర, పచ్చిపులుసు. మటన్ తిని కళ్లనీళ్లు పెట్టుకున్న నన్ను చూసి ఆండాలు వదిన పెరుగు వేసింది. గుంటూరు కారాన్ని తట్టుకున్న నాలుక ఇక్కడ ఓడిపోయింది.

తర్వాత బట్టలు పెట్టడం మొదలైంది. యాదగిరన్న చెప్పింది తక్కువే. వరస మండపం నుంచి గేటు దాకా పాకింది. ప్రతి ఇంటివాళ్లూ వచ్చి బొట్టుపెట్టి, వదిన ఒళ్లో చీర, ఆయన భుజం మీద తువ్వాల, చేతిలో ప్యాంటు చొక్కా గుడ్డ పెట్టడం, పెళ్లికూతురితో సహా అందరూ నిలబడి నా వైపు చూడడం. ప్రతిసారీ యాదగిరన్నది అదే పాస్‌పోర్టు మొహం. భుజాల మీద తువ్వాలలు కొండలా పెరుగుతున్నాయి, మొహం మాత్రం మారడం లేదు.

ఇంతలో వాన పట్టుకుంది. చివరి కార్డులో చోటు ఇట్టే కరిగిపోయింది. షాపు సొరుగులో ఒక కార్డు ఉందని యాదగిరన్న బావమరిదిని పంపించాడు. ఆయన వెళ్లాక కరెంటు పోయింది, జనరేటర్ దగ్గి దగ్గి ఆగిపోయింది. సాగర్ రోడ్డు మీద నీళ్లు నిలిచి బండ్లన్నీ ఆగిపోయాయని ఫోన్ వచ్చింది. వరసలో ఇంకా చాలామంది ఉన్నారు. అప్పగింతలు ఇంకా కాలేదు. తల ప్రాణం తోకకొచ్చింది.

యాదగిరన్న మండపం దిగి నా చెవి దగ్గరకొచ్చాడు.

"ఎన్నున్నయ్?"

"నలభై లోపు."

"గవ్వి అప్పగింతలకు ఉంచు. గీ మందికంత ఖాళీ కొట్టు. ఫ్లాష్ వెనుక మీట ఉంటది గద? ఉస్తాద్‌ను యాది చేసుకో."

"సరే అన్నా," అన్నాను.

సరే అన్నప్పుడు నిజంగానే అలా చేద్దామనుకున్నాను. తలెత్తి చూస్తే వరసలో, మూడో ఇంటివాళ్ల వెనక, లచ్చమ్మ పెద్దమ్మ. కొత్త చీర కట్టుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, తువ్వాల ప్లాస్టిక్ సంచిలో తడవకుండా పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

నా చెయ్యి ఫ్లాష్ మీటవైపు పోలేదు. కెమెరా మెనూ తెరిచి, జీవితంలో మొదటిసారి, కంప్రెస్డ్ మీద పెట్టాను. కార్డులో చోటు రెట్టింపైంది. నీడల్లో మచ్చలొస్తే రానీ అనుకున్నాను. యాదగిరన్నకు చెప్పే తీరిక దొరకలేదు. ఆయన అప్పటికే మండపం ఎక్కేశాడు.

అక్కడినుంచి ప్రతి ఇంటివాళ్లనూ నిజంగానే తీశాను. ఎమర్జెన్సీ లైటు ఒకటి, వెనక బ్యాటరీ మీద మిణుకుమంటున్న సీరియల్ బల్బులు. నా ఫ్లాష్ కూడా నీరసించి సగం వెలుగే ఇస్తోంది. లచ్చమ్మ పెద్దమ్మ మధ్యలో నిలబడి కళ్లు ఇంతింత చేసుకుని కెమెరాలోకి చూసింది. నా దృష్టంతా ఆవిడ మీదే ఉంది. తీశాను. ఆవిడ నా దగ్గరికొచ్చి, "పడ్డనా?" అని అడిగింది. తెర మీద చూపించాను. చాలాసేపు చూసుకుంది.

"గిది నేనే," అని పక్కావిడకు చెప్పింది.

అప్పగింతల వేళకు మిగిలిన చోటంతా యాదగిరన్న కోసమే వాడాను. పాలలో ముంచిన కూతురి చేతిని అత్తగారి చేతిలో పెట్టాడు. మౌనిక ఆయన మెడ పట్టుకుని ఏడ్చింది. వదిన ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆయన మాత్రం, ఇప్పుడు తీసేవి అసలు ఫోటోలని తెలుసు కాబట్టి, గడ్డం లోపలికి లాగి, భుజాలు పైకెత్తి నిలబడ్డాడు. కన్నీళ్లు కారుతున్నాయి, మొహం మాత్రం ఆధార్ కార్డుకు దిగినట్టే ఉంది. మౌనిక అడిగిన మొహం ఒక్కటంటే ఒక్కటి రాలేదు. కారు గేటు దాటాక బావమరిది నిలువునా తడిసి వచ్చి, చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవర్‌లో పొడిగా ఉన్న కార్డు తీసి నా చేతిలో పెట్టాడు.

మళ్లీ షాపులో

మర్నాడు షాపు షట్టర్ సగం దింపి కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఐరేని కుండలు అద్భుతంగా వచ్చాయి. వాటిని చూస్తున్నా నాకు మనసు లేదు. మౌనికకు ఏం చెప్పాలి?

బట్టలు పెట్టిన ఫోటోలు మొదలయ్యాయి. కంప్రెస్డ్‌లో తీసినవి చీకటిగా ఉన్నాయి. ఒక్కొక్కటే లేపుతూ వెళ్తున్నాను. లచ్చమ్మ పెద్దమ్మ ఫోటో వచ్చింది. వెలుగు పెంచగానే అంచున చీకట్లో ఉన్న మనిషి మెల్లగా తేలాడు, ఎర్రదీపం కింద కాగితం మీద తేలినట్టు.

యాదగిరన్న. వరసగా పోజులిచ్చి అలసిన మనిషి, ఇదంతా ఖాళీ ఫ్లాషేలే అనుకుని పక్కకు జరిగాడు. భుజాల మీద తువ్వాలల కొండ. చేతిలో మూత తీసిన నీళ్లసీసా, కూతురికి ఇవ్వడానికి చాపి, ఇవ్వడం మరిచిపోయి, ఆ పిల్లనే చూస్తున్నాడు. గడ్డం లోపలికి లేదు. భుజాలు దిగిపోయాయి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. తుక్కుగూడ దూరమెంతో ఆ మొహంలో తెలుస్తోంది.

నీడల్లో మచ్చలు. బల్బుల చుట్టూ చుక్కలు. చెవి దగ్గర జుట్టు ముద్దలా కలిసిపోయింది. మామూలుగా అయితే నేను తీసి పారేసే ఫోటో.

"గిది ఎప్పుడు తీసినవ్?" అన్నాడు యాదగిరన్న.

"పెద్దమ్మ ఎక్కినప్పుడు."

"అప్పుడు ఖాళీ కొట్టుమన్న గద."

"కొట్టలేదన్నా. ఒక్కటి కూడా ఖాళీ కొట్టలేదు."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. తెరకు దగ్గరగా జరిగాడు. కొన్ని వేల పెళ్లిళ్ల మొహాలు చూసిన కళ్లు ఆ ఒక్క మొహాన్ని కొత్తవాళ్లను చూసినట్టు చూశాయి.

"నా మొఖం గిట్లుంటదా చెల్లె?"

నేను జవాబు చెప్పేలోపే చాయ్ తెచ్చిన ఆండాలు వదిన వెనకనుంచి వంగి చూసింది. "రోజు గిట్లనే ఉంటది," అంది. "నీకే తెల్వది."

నాకు మాత్రం వృత్తి బాధ పోలేదు. "కుదించకుండా తీసి ఉంటే ఆ మచ్చలు ఇంత ఉండేవి కావన్నా. చెవి దగ్గర కూడా శుభ్రంగా వచ్చేది," అన్నాను.

"అట్ల తీద్దామని కూసుంటే చోటు అయిపోతుండె. గిది ఉండకపోవు," అన్నాడు. తర్వాత, "పెద్దమ్మ ప్రింటు పెద్దగ కొట్టు. నేనే పోయి ఇచ్చొస్త," అన్నాడు. ఏం మాట్లాడతాడో ఆవిడతో, నేను అడగలేదు.

బయల్దేరేటప్పుడు వదిన సకినాల డబ్బా ఇచ్చింది. బస్సులో ఈసారి కెమెరా సంచిని కింద పెట్టి, డబ్బాను ఒళ్లో పెట్టుకున్నాను.

నరసాపురం

వచ్చి కొన్ని వారాలైంది. మొన్న మౌనిక ఫోన్ చేసింది.

"అత్తమ్మా, బాపు షాపుల కొత్త పద్ధతి పెట్టిండు. ఫోటోకు వచ్చినోళ్లు బిగుసుకుంటే, 'ఇది ఖాళీ ఫ్లాష్, ఊకనే చూస్తున్న, జర నిలవడుండ్రి' అంటడట. గప్పుడే అసలుది తీస్తడట. ఊరంత బాపు ఫోటోలు మస్తుగొస్తున్నయంటున్నరు."

ఇద్దరం పడి పడి నవ్వుకున్నాం. ఉస్తాద్ ఉంటే ఏమనేవాడో అనుకున్నాను.

తర్వాత అడిగాను, ఆ ఫోటో ఏం చేశావని.

"ఇంట్ల గోడకు పెట్టిన. ఈడ మా అత్త ఏమన్నదంటె, గిది మచ్చలు మచ్చలుంది, అప్పగింతలది మంచిగుంది గద, గది పెట్టు అన్నది. నేను వద్దన్న." వెనక ఎక్కడో కుక్కర్ కూత వినిపించింది. "బాపు నన్ను గట్ల చూస్తడని నాకు తెల్వనే తెల్వదు అత్తమ్మా. ఆ ఫోటోల సుత చూడు, నేను వేరే దిక్కు చూస్తున్న."